కృష్ణాతీరపు గ్రామఫోను ప్లేట్లు : మూలముద్రణ పునర్ముద్రణల పాఠవిమర్శ

ప్రాచీన కావ్యమును పరిష్కరించు పండితుడు ముందుగా వేయు ప్రశ్న యొక్కటియే: ఈ ప్రతి ఏ ప్రతినుండి పుట్టినది? అక్షరములు ముత్యములవలె నున్నవా, ఆకులు చెక్కుచెదరక యున్నవా యనునవి తరువాతి మాటలు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున సి. పి. బ్రౌను పండితులను కూర్చుకొని, ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులను సంపాదించి పాఠభేదములను గుర్తింపజేసిన నాటినుండి, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆంధ్ర మహాభారతమునకు సంశోధిత ముద్రణమును వెలువరించిన నాటివరకు మన పరిష్కరణవిద్య ఈ ప్రశ్న చుట్టునే పెరిగినది. గడచిన శతాబ్దమున తెలుగు పద్యము తాటాకుమీదను కాగితముమీదను నిలిచినట్లే, లక్కతో చేసిన నల్లని పళ్లెములమీద గూడ నిలిచినది. ఆ పళ్లెములనే మనవారు గ్రామఫోను ప్లేట్లనిరి. వీనికిని అదే ప్రశ్న వేయవలెనని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

నేడు పాత రికార్డులను సేకరించువారిలో రెండు పక్షములు కనబడుచున్నవి. తొలిసారి అచ్చయిన ప్లేటే ప్రమాణమనియు, తరువాత వెలువడినవన్నియు నీడలనియు మొదటి పక్షము. తరువాతి యంత్రములు మేలైనవి గనుక గరగరలేక వినబడు పునర్ముద్రణమే గాయకుని కంఠమునకు దగ్గరయని రెండవ పక్షము. ఈ వాదము ప్రపంచమంతటను కలదు. పాశ్చాత్య సంగీతప్రియులు ఒకే రికార్డును నాలుగైదు ముద్రణములలో కొని, పక్కపక్కన పెట్టి విని తారతమ్యము నిర్ణయించుచుందురు. వారికిది శ్రవణసుఖమునకు సంబంధించిన విషయము. మనకు మాత్రము అంతకంటె గొప్ప విషయము. తెలుగు పద్యనాటక పఠనము ఎట్లుండెడిదో చెప్పుటకు మిగిలిన ప్రత్యక్షసాక్ష్యములలో ఈ ప్లేట్లు ముఖ్యమైనవి. సాక్షి మాట మార్చబడినచో చరిత్రయే మారును.

1. ప్లేట్లు వ్యాపించిన సీమ

విజయవాడ ఏలూరుల నడుమ జాతీయ రహదారిపై నూజివీడు బాటయు గుడివాడ బాటయు వచ్చి కలియు కూడలి హనుమాన్ జంక్షన్. కృష్ణాజిల్లా బాపులపాడు మండలమునకు చెందిన ఈ కూడలి తనంత తాను గ్రామఫోను చరిత్రలో కెక్కినది కాదు. కాని అచట నిలిచి నలుదిక్కులు పరికించినచో ఆ చరిత్రకు కావలసిన వారెందరో కనబడుదురు. దక్షిణమున గుడివాడ ప్రాంతపు చౌటపల్లి ఘంటసాల వేంకటేశ్వరరావు (1922-1974) జన్మస్థలము. తూర్పున ఏలూరు, బందా కనకలింగేశ్వరరావు ప్రభాత్ థియేటరును నెలకొల్పిన పట్టణము. ఆయన పుట్టిన ఆటపాక కైకలూరు చెంతనే యున్నది. పడమటివైపున మైలవరము, బాలభారతీ నాటకసమాజమునకు నిలయము. విజయవాడ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు మంగళంపల్లి బాలమురళీకృష్ణాది శిష్యులను తీర్చిదిద్దిన నగరము; 1948 డిసెంబరు 1వ తేదీనుండి ఆకాశవాణి కేంద్రమునకు స్థానము. సముద్రతీరమున బందరు, తిరుపతి వేంకటకవులలో నొకరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఉపాధ్యాయత్వము నెరపిన పురము.

ఈ సీమలో ప్లేటు వ్యాపించుటకు రెండు కారణములు స్పష్టములు. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలక్రింద వరి పండి, రైతుచేతిలో తిండికి మించిన ధనము నిలిచినది. అది మొదటి కారణము. ఆ ధనము పోషించిన రంగస్థలము రెండవది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు, చిలకమర్తి లక్ష్మీనరసింహము గయోపాఖ్యానము, బలిజేపల్లి లక్ష్మీకాంతము సత్య హరిశ్చంద్రీయము మొదలగు నాటకముల పద్యములు అక్షరాస్యులు కానివారికి గూడ కంఠస్థములయ్యెను. నటుడు ఊరు విడిచి పోయినను అతని పద్యము ఊరిలో నిలుచుటకు ప్లేటు సాధనమైనది. కలిగినవారి యిండ్లలో కీ యిచ్చు గ్రామఫోను పెట్టెమీదను, కాఫీ హోటళ్లలోను, తరువాతి కాలమున పెండ్లిపందిళ్లలో మైకుసెట్లమీదను అది మ్రోగినది.

ఈ మూడు తావులను వేరుచేసి చెప్పుటకు కారణము కలదు. ఒక ప్లేటు నేడు ఏ స్థితిలో దొరకుచున్నదో అది మ్రోగిన తావునుబట్టి యుండును. ఉక్కుముల్లు ఒకవైపు పాడుసరికే మొద్దువారును. ప్రతివైపునకు క్రొత్త ముల్లు పెట్టవలెనని కంపెనీలు హెచ్చరించెడివి. పొదుపునకై ఒకే ముల్లును పదిసార్లు వాడినచో అది గాడిని గీకివేయును. కావున జనులు మిక్కిలి మెచ్చిన పద్యమే మిక్కిలి అరిగిపోయినది. ఎవరును వేయని ప్లేటు చెక్కుచెదరక మిగిలినది. పారాయణమునకు వాడిన తాటాకుప్రతి అంచులు చిరిగియుండుటయు, వాడనిది నిగనిగలాడుటయు మనమెరిగినదే. అందము ప్రామాణ్యమునకు గుర్తు కాదనుటకు ఇదియే మొదటి నిదర్శనము.

2. తొలి ముద్రణమును ప్రతియే

ప్లేటు పుట్టిన విధమును తెలిసికొననిదే మూలమనగా నేమో తేలదు. ఎమిలీ బెర్లినర్ 1887లో పేటెంటు పొందిన గ్రామఫోను పద్ధతిలో గాయకుని ధ్వని మొదట మెత్తని ఫలకముమీద గాడిగా చెక్కబడును. తరువాతి కాలమున అది మైనపు ఫలకము. దానిపై లోహమును పూతపట్టించి యెత్తినచో గాడికి బదులు గట్టు గల తిరుగుడు అచ్చు వచ్చును. దానినుండి మరల గాడి గల లోహపు మాతృకను, మాతృకనుండి ముద్రణకు పనికివచ్చు అచ్చును తీయుదురు. ఆ అచ్చుతో లక్కముద్దను నొక్కగా మన చేతికి వచ్చు ప్లేటు తయారగును. అనగా గాయకునికిని మన ప్లేటునకును నడుమ నాలుగు మెట్లున్నవి. అచ్చు అరిగినపుడు మాతృకనుండి మరియొక అచ్చు తీయుదురు. అరిగిన అచ్చునుండి చివర వెలువడిన తొలి ముద్రణపు ప్లేటుకంటె, క్రొత్త అచ్చునుండి కొన్నియేండ్ల తరువాత వెలువడిన ప్లేటు స్ఫుటముగా నుండవచ్చును. కావున తొలి ముద్రణమనుమాట కాలమును తెలుపునే కాని గుణమును తెలుపదు.

మనదేశమున ఈ శాస్త్రము ఆరంభమైన తీరు గూడ గమనింపదగినది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మున్నగువారి పాటలను ఎక్కించెను. ఆ ఫలకములు జర్మనీదేశపు హానోవరుకు పోయి, అచట ప్లేట్లుగా ముద్రింపబడి మరల ఇచటికి వచ్చెడివి. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ముద్రణశాల వెలసినతరువాత గాని ఆ దూరప్రయాణము తప్పలేదు. గౌహర్ జాన్ పాట చివర తన పేరును తానే చెప్పుకొనెడిది. భాష తెలియని దూరదేశమున ప్లేటుపై పేరు తారుమారు కాకుండుటకు ఇది ఉపకరించినదని చరిత్రకారులు చెప్పుదురు. మన కవులు ఆశ్వాసాంతమున గద్యను నిలిపి తమ పేరును, తండ్రిపేరును చెప్పుకొనుటకు దీనికిని పోలిక సహజము. గద్య కావ్యమునకు కావలి. ఆమె పలికిన పేరు పాటకు కావలి.

అట్టి మరియొక గద్య ప్రతి ప్లేటుపైనను కలదు. పాట ముగియు గాడికిని నడుమ అంటించిన కాగితపు లేబులుకును మధ్యగల నున్నని జాగాలో కొన్ని అంకెలు, అక్షరములు చిన్నవిగా చెక్కబడి యుండును. అవి మాతృకాసంఖ్యలు. లేబులుమీది సంఖ్య అంగడివానికి. ఈ సంఖ్య పరిశోధకునికి. ఒకే పద్యమును గాయకుడు రెండుమూడు పర్యాయములు పాడియుండవచ్చును. వానిలో ఏది అచ్చయినదో దీనివలననే తెలియును. ఒకే లేబులు సంఖ్యక్రింద వేర్వేరు పర్యాయముల పాటలు వేర్వేరు కాలములలో అమ్ముడగుట గ్రామఫోను లోకమున ఎరుగని విషయము కాదు. లేబులును మాత్రమే చూచి రెండు ప్లేట్లు ఒకటే యనుట, ముఖపత్రమును మాత్రమే చూచి రెండు ముద్రణములు ఒకటే యనుటవంటిది.

3. ప్లేటు పట్టుకొన్నది, విడిచినది

పది అంగుళముల ప్లేటు ఒకవైపు మూడు నిమిషములకు కొంచెము పైగా మాత్రమే పాడును. రంగస్థలముమీద ఒక్క పద్యమును ఎత్తుకొని, రాగమును పెంచి, జనులు మరలమరల కోరగా పావుగంట నిలుపు నటులుండిరి. స్థానం నరసింహారావు (1902-1971) శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ పాత్రలో పాడిన పాటను పెక్కు విధముల అభినయించుచు విస్తరించెడివారని ప్రసిద్ధి. ఆ విస్తారము ప్లేటులో నిముడుట అసాధ్యము. అదే పాట 1966 నాటి చలనచిత్రమున పి. సుశీల కంఠమున మరియొక రూపము పొందినది. ప్లేటును వినినవాడు స్థానం పాటను విన్నాడు. స్థానం ప్రదర్శనమును వినలేదు. ప్లేటు రంగస్థలమునకు సంక్షేపము మాత్రమే. అయినను సంక్షేపము చేసినవాడు ఆ నటుడే గనుక, దేనిని ఉంచెను, దేనిని విడిచెను అనునదియే మనకు గొప్ప సాక్ష్యము.

కాలపరిమితికంటె సూక్ష్మమైనది ధ్వనిపరిమితి. 1925కు పూర్వము గాయకుడు ఒక పెద్ద కొమ్ములోనికి పాడగా ఆ గాలి అదురే ఫలకమును చెక్కెడిది. ఆ పద్ధతిలో సెకనుకు సుమారు 2500 కంపనములకు పైబడిన ధ్వని సరిగా పట్టువడదు. 1925లో మైకును విద్యుచ్ఛక్తిని వాడు పద్ధతి వచ్చినతరువాత ఆ మేర రెట్టింపై, క్రమముగా ఇంకను పెరిగినది. తెలుగు విద్యార్థికి ఈ అంకెలతో పనియేమని శంకింపరాదు. స కారపు ధ్వనిబలము అధికభాగము 4000 కంపనములకు పైన నుండును. శ కారము కొంత క్రిందను, ష కారము మరికొంత క్రిందను వర్తించును. అనగా కొమ్ములో పాడిన ప్లేటులో శ ష స ల భేదము సరిగా వినబడకున్నచో ఆ దోషము నటుని ఉచ్చారణది కాదు, కొమ్ముది. పాత టెలిఫోనులో స కును ఫ కును తేడా తెలియక పేర్లు తప్పుగా వినుట అందరికిని అనుభవమే. ఆ కాలపు నటులు శ కారమును స కారముగా పలికిరని 1925కు పూర్వపు ప్లేటును చూపి సిద్ధాంతము చేయువాడు చిల్లుపడిన ఆకునుచూచి కవి అక్షరము వదలినాడనువానివంటివాడు.

మహాప్రాణముల సంగతి ఇంకను సున్నితమైనది. ఖ, ఘ, ధ, భ లలోని ఊపిరియు, విసర్గయు స్వభావముచేత గాలిసవ్వడి. లక్కప్లేటులోని బుసయు గాలిసవ్వడియే. లక్కలో కలిపిన రాతిపొడి యీ బుసకు కారణము. ఆ పొడి లేకున్న ముల్లు గాడికి తగినట్లు అరగదు, ప్లేటునకు గట్టిదనము రాదు. కావున గరగర ప్లేటుకు అంటిన మురికి కాదు, దాని శరీరములోనే యున్నది. దీనిని తొలగింపబూనినవాడు అక్షరములో నేది, ప్లేటులో నేది యని వేరుచేయగలిగి యుండవలెను.

4. శ్రుతివిషయము

ఈ ప్లేట్లను 78 చుట్ల ప్లేట్లందురు. కాని నిమిషమునకు 78 చుట్లనునది తరువాత స్థిరపడిన ఏర్పాటు. మనదేశపు విద్యుత్ప్రవాహముతో తిరుగు యంత్రములలో ఆ వేగము కచ్చితముగా 77.92 గాను, అమెరికాలో 78.26 గాను ఉండుటయే దీనికి సాక్ష్యము. తొలినాటి ఫలకములు అంతకు తక్కువ వేగమునను, ఎక్కువ వేగమునను చెక్కబడినవి. 74 చుట్లతో చెక్కిన ఫలకమును 78 చుట్లతో వేసినచో ఏమగునో లెక్కించి చూతము. వేగము నూటికి 5.4 వంతులు పెరిగినది. స్వరస్థానములలో ఒకదానినుండి తరువాతిదానికి నూటికి దాదాపు 6 వంతుల పెంపు గనుక, ఇంచుమించుగ ఒక స్వరస్థానము పైకిపోయినది. నాటకమువారి భాషలో చెప్పవలెనన్న నాలుగు శ్రుతిలో పాడిన పద్యము నాలుగున్నర శ్రుతిగా వినబడును. 3 నిమిషముల 20 సెకనుల పద్యము 3 నిమిషముల 10 సెకనులలో ముగియును. కంఠము సన్నబడును, గమకములు వేగిరపడును.

మన రంగస్థల చరిత్రలో ఏ నటుడు ఎంత శ్రుతిలో పాడెననునది తరచుగా చర్చకు వచ్చు విషయము. పై శ్రుతిలో పాడుట ఘనతగా నెన్నబడిన కాలమది. అట్టి ఘనతను ప్లేటునుబట్టి నిర్ణయించుటకు ముందు వేగము తేల్చవలెను. దీనికి హార్మోనియము మంచి సాధనము. గాయకుడు శ్రుతిని ఎచట నైనను నిలుపవచ్చును గాని హార్మోనియపు మెట్లు స్థిరములు. వాద్యధ్వని రెండుమెట్ల నడుమ పడినచో వేగము తప్పినదని శంకింపవలెను. వెనుకముందుల మాతృకాసంఖ్యలు గల ప్లేట్లను, అనగా ఒకే దినమున ఎక్కించినవానిని కలిపి పరిశీలించినచో ఊహ బలపడును. పునర్ముద్రణము చేయువాడు ఈ శ్రమపడక 78 అని యంత్రమును త్రిప్పినచో, ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటికిని సంక్రమించును. మూలపు ప్లేటును చూడని తరమువారికి దానిని కనుగొను దారియే యుండదు.

5. పునర్ముద్రణపు మేలును కీడును

1948లో కొలంబియా కంపెనీ అమెరికాలో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డును వెలువరించినది. లక్కకు మారుగా వినైల్ వచ్చినది; గాడి సన్నబడినది; ఒకవైపు ఇరువది నిమిషములకు పైగా పాడుట సాధ్యమైనది. పాత 78 ప్లేట్లను ఏర్చికూర్చి లాంగ్‌ప్లేలుగాను, తరువాత కేసెట్లుగాను, సీడీలుగాను తెచ్చుట కంపెనీలకు ఆచారమైనది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యములను ఘంటసాల పాడిన పుష్పవిలాపము ఇట్లు పలురూపములలో తెలుగు ఇండ్లకు చేరినది. ఈ సేవను తక్కువగా ఎంచరాదు. లక్కప్లేటు చేయిజారిన పగులును. దానిని వేయు యంత్రము నేడు ఎందరి యిండ్లలోను లేదు. పునర్ముద్రణము లేకున్న ఆ కంఠములు సేకరించువారి బీరువాలలోనే మూగవోయి యుండెడివి.

పునర్ముద్రణము రెండు విధములు. లోహపు మాతృక మిగిలియున్నచోట దానినుండియే ధ్వనిని గ్రహింపవచ్చును. అట్టి ప్రతి తొలి ముద్రణమునకు చెల్లెలు కాదు, ఒకమెట్టు పైనుండి దిగివచ్చినది. ఎన్నడును ముల్లు తగులని గాడినుండి పుట్టినది గనుక ఏ లక్కప్లేటుకంటెను మిన్నగా నుండును. మాతృక మిగులనిచోట ఏదో ఒక లక్కప్లేటును వేసి ఎక్కించుకొనవలెను. అప్పుడు ఆ ప్లేటు అరుగుదల, దానికి వాడిన ముల్లు పరిమాణము, తిప్పిన వేగము, అన్నియు క్రొత్త ప్రతిలో చేరును. 78 గాడికి అంగుళములో వెయ్యింట మూడవవంతుల ముల్లు కావలెను; లాంగ్‌ప్లే ముల్లు అందులో మూడవభాగము. సన్నముల్లు పాతగాడి అడుగునకు జారి అచటి ధూళిధ్వనినే పైకి తెచ్చును. 1954లో అమెరికాలో స్వీకృతమై క్రమముగా అంతటను నిలిచిన స్వరసమీకరణ నియమమును అంతకు పూర్వపు ప్లేట్లకు యథాతథముగా వర్తింపజేసినచో మంద్రధ్వనులు తారుమారగును. ఈ రెండువిధముల ప్రతులను వేరుచేసి చూపు వాక్యము అట్టమీద లేనప్పుడు కొనువాడు దేనిని వినుచున్నాడో అతనికే తెలియదు.

మూడవ ప్రమాదము సంస్కర్త అత్యుత్సాహము. బుసను తుడుచు యంత్రములు అక్షరములోని ఊపిరిని గూడ తుడుచునని పైన సూచితమైనది. ధ కారము ద కారమగును, విసర్గ మాయమగును, రాగము సన్నగిల్లి మౌనములో కలియు చివరి తీగ తెగిపోవును. దానికి తోడు పొడిగానున్న పాతధ్వనికి ప్రతిధ్వనిని చేర్చి గంభీరము చేయుట గూడ కద్దు. రెండువైపులుగా విరిగిన పద్యభాగమును అతికి ఏకముచేసినపుడు అతుకు కనబడకుండుటయే నేర్పని యెంచుదురు. పాఠపరిష్కర్తకు ఇది పరిచితమైన రోగము. లేఖకుడు అర్థముకాని పదమును సులభపదముతో మార్చినపుడు శ్లోకము సుగమమగును, కవి దూరమగును. చదువుటకు సుఖముగానున్న పాఠమును శంకింపుమని మన గురువులు చెప్పినది ఇందులకే.

ఘంటసాల భగవద్గీత రికార్డు ఈ చర్చలో వేరొక తెగకు చెందును. 1974 ఫిబ్రవరి 11న ఆయన మరణించిన తరువాత వెలువడిన ఆ లాంగ్‌ప్లేకు మూలము మైనపు ఫలకము కాదు, అయస్కాంతపు టేపు. అచట లాంగ్‌ప్లే, కేసెట్టు, సీడీ మూడును టేపునుండి పుట్టిన తోబుట్టువులు. తొలి లాంగ్‌ప్లేకు ఒక మేలు కలదు: టేపు క్రొత్తగా నున్నపుడే అది చెక్కబడినది. ఒక లోపమును కలదు: పన్నెండంగుళముల లాంగ్‌ప్లే వెలుపలి అంచున గాడి ముల్లుక్రింద సెకనుకు 51 సెంటీమీటర్లు పరుగెత్తగా, లోపలి అంచున 21 సెంటీమీటర్లే పరుగెత్తును. అందుచేత ప్రతివైపున చివరికి వచ్చు శ్లోకములలో ఊష్మాక్షరములు మొదటి శ్లోకములలోవలె పదునుగా నిలుచుట కష్టము. గాయకుడు అలసెనని అనుకొనుట తగదు. సీడీకి ఈ లోపము లేదు. కాని అది ఏ టేపునుండి, ఏ స్థితిలోనున్న టేపునుండి వచ్చినదో తెలియవలెను. ఒక్క రికార్డు విషయముననే జవాబు ఇట్లు రెండువైపుల మొగ్గుచుండగా, మూలమే మేలనిగాని మలిదే మేలనిగాని సామాన్యసూత్రము చేయుట ఎట్లు?

6. అట్టమీది మాట

విదేశములలో జరిగిన ఒక సంఘటన ఈ సందర్భమున స్మరింపదగినది. అమెరికాలో 1977లో మొదలైన మొబైల్ ఫిడెలిటీ సంస్థ మూలటేపులనుండి శ్రద్ధతో పునర్ముద్రణములు చేయుననుటకు పేరొందినది. సంగీతప్రియులు ఆ ప్రతులను అధికమూల్యమునకు కొనుచుండిరి. కంప్యూటరు అంకెలుగా మారని శుద్ధధ్వని వానియందు కలదని వారి నమ్మకము. 2022లో ఆ సంస్థ కొన్నేండ్లుగా పెక్కు ప్రతులకు నడుమ అంకెల రూపమును వాడుచున్నదని బయటపడినది. కొన్నవారు న్యాయస్థానమునకు పోయిరి. ఇందు విశేషమేమనగా, ఆ ప్రతులను వినినవారిలో ఎందరో అవి మిక్కిలి శ్రేష్ఠములని అంతకుముందు మెచ్చినవారే. చెవికి తప్పు దొరకలేదు; నొచ్చినది విశ్వాసము. రికార్డు బరువు 180 గ్రాములని అట్టమీద అచ్చువేయుదురు గాని, దాని వంశమును అచ్చువేయుట మరతురు. బరువు మన్నికకు కొంత సాయపడునేమో కాని పాఠశుద్ధికి సంబంధించినది కాదు.

దీనికి ప్రతిగా మన చలనచిత్రమొకటి మంచి ఉదాహరణము. 1957 నాటి మాయాబజార్ 2010లో రంగులు దిద్దుకొని, ధ్వనిని క్రొత్త పద్ధతికి మార్చుకొని మరల విడుదలయ్యెను. మెచ్చినవారు మెచ్చిరి, మెచ్చనివారు పాతదానినే చూచుచున్నారు. ఇచట మోసమేమియు లేదు. ఇది క్రొత్త అలంకారమని అందరికిని తెలియును. నలుపుతెలుపుల చిత్రము నేటికిని లభించును. వ్యాఖ్యానము వ్యాఖ్యానమని చెప్పుకొన్నంతకాలము మూలమునకు హాని లేదు. వ్యాఖ్యాత మాట మూలములో కలిసిపోయినపుడే ప్రక్షిప్తము పుట్టును.

సామాన్య శ్రోతకు ఇంత విచారము అక్కరలేదని యొక ఆక్షేపణ రావచ్చును. పద్యము చెవికింపుగా నున్న చాలునను వానికి గరగరలు వినిపించుట క్రూరము కాదా యని యందురు. ఆక్షేపణలో సత్యము కలదు. బాలవ్యాకరణము చదువనివాడు భాగవతపద్యము పాడుకొనరాదని ఎవరు శాసింపగలరు? శ్రోతకు శుభ్రపరచిన ప్రతి యుండవలసినదే. కాని శుభ్రపరచుటకు ముందు, మార్పేమియు చేయని ధ్వనిప్రతి నొకదానిని ఎక్కించి భద్రపరచుట శ్రోతకు అడ్డు కాదు. పారాయణప్రతియు సంశోధిత ప్రతియు పక్కపక్కన నుండుట మనకు క్రొత్త కాదు. పూనాలోని భండార్కరు పరిశోధనాలయము 1919 మొదలు 1966 వరకు సంస్కృత భారతమునకు సంశోధిత ముద్రణమును సిద్ధపరచినంత మాత్రమున పల్లెలలో భారతకాలక్షేపములు ఆగిపోలేదు. పైగా నేటి శుభ్రపరచు పద్ధతి రేపటికి మోటుగా తోచును. ముట్టని ప్రతి యున్నచో రేపటివాడు మరల మొదలుపెట్టగలడు. లేనిచో నేటివాని అభిరుచియే తెలుగు పద్యమునకు శాశ్వతరూపమగును.

7. చేయదగిన పని

ఈ విచారమువలన తేలిన దేమనగా, మూలముద్రణము పూజనీయమైనంత మాత్రమున ప్రమాణము కాదు. పునర్ముద్రణము నిర్మలమైనంత మాత్రమున ప్రమాణము కాదు. తన పుట్టుకను తెలుపు ప్రతియే ప్రమాణవిచారమునకు అర్హమైనది. కావున విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు వ్రాతప్రతుల వివరణపట్టికలను కూర్చినట్లే ప్లేట్లకును వివరణపట్టికలను కూర్చవలెను. ఒక్కొక్క ప్లేటునకు లేబులు సంఖ్య, మాతృకాసంఖ్య, రెండువైపుల పాఠము, అరుగుదల, పగుళ్లు, అది దొరకిన తావు, వేయుటకు వాడిన ముల్లు, ఊహించిన వేగము, ఆ యూహకు హేతువు, ఇవి వ్రాయబడవలెను. ఒకే మాతృకకు చెందిన ప్లేట్లు రెండు మూడు దొరకినచో అన్నిటిని ఉంచవలెను. ఒకదానిలో అరిగిన చోటు మరియొకదానిలో బాగుండవచ్చును. ఒకటి యున్నది గదాయని రెండవదానిని తోసివేయుట పాఠాంతరమును చించివేయుటయే.

హనుమాన్ జంక్షన్‌కు నలువైపులనున్న పల్లెలకు ఈ పని అన్యము కాదు. హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా, ఓడియన్ గుర్తుల ప్లేట్లు ఈ సీమ యిండ్లలోనే మ్రోగినవి; వానిలోని పద్యములు ఈ సీమ రంగస్థలములపైనే పండినవి. లక్కప్లేటును నిలువుగా పేర్చినచో వంగదు, చెమ్మతగులని చోట నుంచినచో బూజుపట్టదు. ఒకదానిపై నొకటి పడవేసినచో అడుగుది విరుగును. ఈపాటి జాగ్రత్తకు పాండిత్యముతో పనిలేదు. పాతసామానులవానికి తూకమునకు వేయుటకు ముందు ఆ నున్నని జాగాలోని అంకెలను ఒక కాగితముపై వ్రాసికొన్నను, ఆ పద్యము ఒకప్పుడు ఉండెనను సాక్ష్యమైనను మిగులును.

నన్నయ భారతమునకు శుద్ధపాఠమును సాధించుటకు మన పెద్దలు నూరేండ్లకు పైగా శ్రమించిరి. వారికి నన్నయ కంఠము వినుభాగ్యము లేదు. గత శతాబ్దపు పద్యనటుల విషయమున మనకా భాగ్యము కలిగినది. వారి శ ష స లను, మహాప్రాణములను, శ్రుతిని, పద్యమును విరిచిన తావులను చెవితో విని నిర్ణయింపవచ్చును. అయితే మనము వినుచున్నది వారినో, వారిని దిద్దిన యంత్రమునో ప్రతి ప్లేటుకడను ప్రత్యేకముగా అడిగి తెలిసికొనవలసి యున్నది. ఆ ప్రశ్నను అడుగు అలవాటును విద్యార్థులకు నేర్పినచో, తక్కిన పరిశోధనము దానంతట అదియే సాగగలదు.